ఎండలో పెట్టిన గొట్టాలు

కోలారు ఆసుపత్రి ల్యాబులో కంప్యూటర్ తెర చూసి టెక్నీషియన్ సుమ గంతేయబోయి ఆగింది. చంద్రిక టీచర్ నెత్తురులో ఒక్క కణమూ మెరవలేదు.

నంగలి బడి టీచర్ ఆమె. నెత్తురు క్యాన్సరుకు వేసుకోవాల్సిన మందులన్నీ పూర్తయినాయి. రోగం మిగిలిందో లేదో తేలేది ఈ పరీక్షలోనే. ఆమె క్యాన్సరు కణాల ఒంటినిండా, ‘పెరగండి’ అనే కబురు అందుకునే గ్రాహకాలు ఉండేవి. వాటికే అతుక్కునే మెరుపు రంగు కలిపి మిషన్లో పెడితే, మిగిలిన కణం మెరుస్తుంది. ఏదీ మెరవకపోతే టీచర్ హాయిగా ఇంటికి పోవచ్చు.

కానీ సరిచూసుకోవడానికి పక్క గొట్టంలో పెట్టిన వేరే క్యాన్సరు కణాలు తప్పకుండా మెరవాలి. అవీ మెరవలేదు! వెలుతురు తగిలితే చచ్చే రంగు అది. గొట్టాలను చీకటి పెట్టెలోనే కదా పెట్టింది?

“నాయనా, ఈ పెట్టె ఎవురన్నా ముట్టినారా?”

కూతురికి సంగటి క్యారియర్ తెచ్చి వాకిట్లో స్టూలు మీద కూర్చున్న హనుమంతప్ప నవ్వినాడు. వయసంతా కోరమండల్ బంగారు గనిలో దిగిన మనిషి.

“నేనేమ్మా. నువ్వట్ల పోతానే కిటికీలో ఎండకు పెట్టినా. పాపం, చీకట్లో మూసిపెట్టినావని. మళ్ళా యాడిదాడ పెట్టేసినాలే.”

“అయ్యో నాయనా!”

“గనిలో దీపం ఆరితే పానం పోతాదమ్మా.”

“ఈ రంగుకి ఎండ తగిలితే పానం పోతాది!”

బయట బెంచీ మీదినుంచి టీచర్ తొంగిచూసింది. “ఏమ్మా, ఇంగా కాలేదా?”

‘ఏమీ లేదు టీచర్’ అనే మాట సుమ నోటిదాకా వచ్చింది. మింగేసింది.

“తప్పు జరిగింది టీచర్. నెత్తురు ఇంకా ఉండాది, మళ్ళా చేస్తా.”

“తప్పిన లెక్క మళ్ళా చేయించేదాన్ని, నాకేం కోపం? చెయ్యి.”

ఈసారి హనుమంతప్ప పెట్టెకు వీపానించి నిలబడ్డాడు. దూది కోసం వచ్చిన అటెండరు ఓబలప్పను గుమ్మంలోనే ఆపినాడు.

“సైరన్ కొట్టేదాకా ఎవుర్నీ దించేది లేదు, పోప్పా!”

మిషన్ తిరిగింది. పక్క గొట్టం కణాలు జాతర దీపాల్లా మెరిసినాయి. టీచర్ గొట్టంలో ఒక్క మెరుపూ లేదు. డాక్టర్ నమ్రత రెండూ చూసి సంతకం పెట్టి, తానే బయటికి పోయి చెప్పింది. టీచర్ బెంచీ మీదే ఏడుస్తా నవ్వింది.

హనుమంతప్ప తెర వైపు మెడ చాచినాడు.

“ఏమీ మెరవలేదని పండగ చేసుకునే గని ఇదొక్కటే చూసినానమ్మా. సరే రా, సంగటి రాయి అయిపోయింది.”