కోపానికి ఉపవాసం

"హెప్సిబా, ఈ కోపంలో నిన్నేమన్నా చేస్తానేమోనని భయంగా ఉండాదే" అన్నాను, నా కూతురికి జడ అల్లుతూ.

అది అద్దంలోంచే నవ్వింది. "నువ్వా? కోడిపిల్లను తొక్కుతానేమోనని వాకిలంతా చూసుకుంటా నడుస్తావ్. నన్నేం చేస్తావ్ మా. బస్సొస్తాది, తొందరగా అల్లు."

నా భయాలంటే ఇంట్లో అందరికీ ఆటే. మార్కాపురం కాలేజీ బస్సు ఐదు నిమిషాలు ఆలస్యమైతే ఎక్కడో బోల్తా పడిందనుకుంటాను. తాపీ పనికి పోయిన మా ఆయన కరుణాకరం ఫోనెత్తకపోతే పరంజా మీంచి పడ్డాడనే అనుకుంటాను. చదివింది ఏడో తరగతే అయినా, పేపర్లో కనిపించిన ప్రతి జబ్బునూ చదివి వీళ్లిద్దరికీ అంటగడతాను. నాకు మాత్రం ఒక్కటీ అంటగట్టుకోలేదు. ఆ తీరిక ఎక్కడిది?

పత్తి తీతలు మొదలైనప్పటి నుంచి నేను నేనుగా లేను. గిన్నె చప్పుడైతే కోపం. మా ఆయన చొక్కా వెతికిపెట్టమంటే కోపం. ఆ చొక్కా ఆయన ఎదుటి కొయ్యకే వేలాడుతుంటే ఇంకా కోపం. అందరూ వణికే చలిలో నాకు వీపంతా చెమట. పత్తి సాలులో వంగితే గుండె గొంతులో కొట్టుకునేది. "కోపం తగ్గించుకో, దేవుని బిడ్డవు గదా" అని ఆయన. "వయసు మీద పడతాంది, ఆడోళ్లకు ఇట్లనే ఉంటాదిలే" అని కూడా ఆయనే. ఇది నాలోని పాపమే అనుకున్నాను. శుక్రవారం ఉపవాసానికి బుధవారం కూడా కలిపాను. తగ్గలేదు, సోమవారమూ కలిపాను. చర్చిలో ఆడవాళ్లు నా నడుం చూసి, "లీదియమ్మకు ఉపవాసం బాగా పట్టింది" అని మెచ్చుకున్నారు. రవికెలు వదులై పిన్నీసులు పెట్టుకుంటుంటే నాకూ కాస్త గర్వంగానే ఉండేది. ఒక్క సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఉపవాసం రోజున పొద్దున పదకొండయ్యేసరికి ఆకలికి కళ్లు బైర్లు కమ్మేవి. వంటింట్లో గోడవైపు తిరిగి, చల్లారిన సంగటి ముద్ద గబగబా మింగేదాన్ని. కోపిష్టిదాన్నే కాదు, దొంగను కూడా అయ్యానని కుమిలిపోయేదాన్ని.

ఆ ఉదయం, హెప్సిబా అట్లా నవ్విన కాసేపటికే, దువ్వెన చిక్కులో ఇరుక్కుంది. "మెల్లగా మా" అంది హెప్సిబా. అంతే. ఆ దువ్వెనతోనే దాని భుజం మీద కొట్టాను. చెయ్యి ఎప్పుడు లేచిందో నాకే తెలియదు. పుట్టి పంతొమ్మిదేళ్లు, దానిమీద నా చెయ్యి పడింది అదే మొదలు. బిడ్డ ఏడవలేదు. నన్ను చూసి వెనక్కి జరిగింది. సగం జడతోనే బస్సెక్కింది.

నేను తిన్నగా చర్చికి పోయాను. పక్కన కూర్చున్న రోశమ్మ మా ఊరి ఆశా వర్కరు. నా చేతిలో వణుకుతున్న పాటల పుస్తకం చూసి, మణికట్టు పట్టుకుని ఫోనులో టైము చూసింది.

"ఏంది వదినా, పరిగెత్తి వచ్చినావా?"

"లేదే. గంట నుంచి ఈడనే కూచోనుండా."

"కూచున్న మనిషికి నిమిషానికి నూటిరవై కొట్టుకోడమేంది?"

బయటికి తీసుకుపోయింది. అన్నీ చెప్పాను, సంగటి దొంగతనంతో సహా. ఆ మాటకు రోశమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నా మొహం చూసి ఆపేసింది.

"పాపం కాదు వదినా, థైరాయిడేమో. రక్తం చూస్తే గానీ తెలవదు. దొంగతనంగానన్నా తింటానే ఉండావు, అయినా చిక్కుతాండావు. ఉన్నట్టుండి కోపం, దడ, వణుకు. ఇన్ని కలిసొస్తే డాక్టరుకు చూపించుకోవాల. ప్రార్థన మానమని నేనంటానా? ఉపవాసం మాను. రేపే మార్కాపురం పెద్దాసుపత్రికి పో. ఈలోగా రొమ్ములో నొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం, ఏదొచ్చినా రేపటిదాకా ఆగబాకు. నూట ఎనిమిదికి ఫోన్ చెయ్."

సాయంత్రం ఆ మాట చెప్తే మా ఆయన కాళ్లు కడుక్కుంటూ, "పొయ్యిరా. నేనెందుకు? మేస్త్రీ ఊరుకోడు" అన్నాడు.

"నువ్వూ రావాల నాయనా" అంది హెప్సిబా. "పొద్దున అమ్మ నన్ను కొట్టింది."

"మీ అమ్మా?"

"ఊఁ. అందుకే రావాల."

ఆయన మేస్త్రీకి ఫోన్ చేసి రేపు రానని చెప్పాడు. మరునాడు బస్సులో హెప్సిబా నా పక్కన కూర్చుని, వణికే చేతిని తన ఒళ్లో పెట్టుకుంది. దారిపొడుగునా వదల్లేదు.

డాక్టరమ్మ చిన్నపిల్ల. నా గొంతు తడిమి, వేళ్లు చాపమని వాటిమీద కాగితం పెట్టింది. కాగితం రెపరెపలాడింది. "థైరాయిడ్ ఎక్కువ పనిచేస్తున్నట్టుంది. టెస్టులు రాస్తాను. మందులున్నాయి, భయం లేదు" అని, "చిక్కడం ఉపవాసాలకు ముందే మొదలైందా, తర్వాతా?" అనడిగింది.

నాకు గుర్తు రాలేదు. అద్దంలో నన్ను నేను చూసుకుని ఎన్నాళ్లయిందో.

డాక్టరమ్మ మా ఆయన వైపు తిరిగింది. "మీరు చెప్పండి. ఎప్పటి నుంచి చిక్కింది? రాత్రిళ్లు నిద్రపోతోందా?"

ఆయన తువ్వాలు ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చుకున్నాడు. నా వైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. రేషను దుకాణం దగ్గర, స్కూల్లో, చుట్టాల ముందు, ఇరవై రెండేళ్లుగా ఆ చూపు పడగానే ఆయన మాట నేనందుకుని చెప్పేస్తాను. ఇప్పుడూ మాట నాలుక చివరిదాకా వచ్చింది. హెప్సిబా కూడా నోరు తెరవబోయింది. దాని చేయి నొక్కాను. ఈ ఒక్కటీ ఆయనే చెప్పాలి.

డాక్టరమ్మ పెన్ను ఆగింది. వరండాలో ఎవరి పేరో పిలిచారు, ఎవరో వెళ్లారు, మళ్లీ ఇంకో పేరు పిలిచారు. 

"కోపం చేస్తాందని చూసినాను గానీ," అన్నాడు చివరికి, తలెత్తకుండా, "చిక్కిందని చూళ్లేదు మేడం."