నాలుగు ముక్కల పేర్లు

మూడువేల నలభై ఒకటో పేరు దగ్గర గుమస్తా ఆగి కళ్ళజోడు తుడుచుకున్నాడు. గ్రంథాలయం సభ్యులకు కొత్త కార్డులు అచ్చవుతున్నాయి. ఇంటిపేరు ఒక గడిలో, అసలు పేరు పక్క గడిలో ఉండాలి. కంప్యూటరు పట్టికలో మాత్రం రెండూ ఒకే గడిలో ఉమ్మడి కాపురం చేస్తున్నాయి. వాటిని వేరు పెట్టడమే నాలుగు నెలలుగా ఆయన పని. మౌసుతో పేరు పట్టుకోవడం, కోయడం, పక్క గడిలో అతికించడం. చూపుడువేలు కాయ కాసింది. మూడు, నాలుగు ముక్కల పేరొస్తే మాత్రం ఊహించేవాడు కాదు. ఫోన్ చేసి, "మిమ్మల్ని ఇంట్లో ఏమని పిలుస్తారండీ?" అని అడిగేవాడు. కొందరు పేరుతోపాటు మోకాళ్ళ నొప్పులూ చెప్పేవారు. ముప్ఫై ఏళ్ళ నౌకరీలో జనం ఆయనతో ఇంతసేపు మాట్లాడింది ఈ పనిలోనే.

పక్క బల్ల దగ్గరి అమ్మాయి చేరి మూడు నెలలే. నిన్న ఆయన టీ చల్లారేలోపు, ఒక్క నొక్కుతో మిగిలిన ఎనిమిది వేల పేర్లలో దాదాపు అన్నిటినీ విడదీసింది. ఆయనేమో ఇవాళ కూడా మొండిగా తన వరుసలోనే ఒక్కొక్కటీ కోసుకుంటూ కూర్చున్నాడు.

పొద్దున డబ్బా కడుతూ భార్య అంది: "ఆ పిల్ల మీద మీ కడుపుమంటకి కుక్కరు పెడితే రెండు విజిల్స్ వస్తాయి. గ్యాసైనా కలిసొస్తుంది."

"నీకు నవ్వులాటగా ఉంది. సాయంత్రం మేనేజరు ఆ పిల్లని పర్మనెంటు చేస్తే, నేను కింద గోదాములో చిరిగిన పుస్తకాలకి అట్టలేసుకోవాలి."

"వేసుకోండి. మన పిల్లల పుస్తకాలకి ఏనాడూ వెయ్యలేదుగా."

టిఫిన్ విరామంలో ఆ అమ్మాయి లేనప్పుడు ఆయన ఆమె పట్టికంతా గాలించాడు. ఒక్క తప్పూ దొరకలేదు. పిల్లన్నాక ఒక తప్పైనా చేయకపోతే ఎలా అని ఒళ్ళు మండింది.

రెండింటికి ఆమె కుర్చీ ఇటు తిప్పింది.

"బాబాయ్ గారూ, ఒక నాలుగొందల పన్నెండు పేర్లు మొండికేశాయి. మూడు ముక్కలవి, నాలుగు ముక్కలవి. వీటిని మీరెలా చేస్తారు?"

ఆ గొంతులో వెటకారం కోసం వెతికాడు. లేదు. ఉంటే బాగుండేది.

ఆయన చెయ్యి ఫోన్ మీదే ఉంది. తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఏముందమ్మా. ఖాళీ ఉన్నచోటల్లా కోసెయ్."

"అంతేనా?"

"అంతే."

అలా కోస్తే మిగిలిన ముక్కలు పక్కనున్న చిరునామా గడుల్లోకి దొర్లి, అక్కడున్నదాన్ని తుడిచేస్తాయి. మొదటివారం ఆయనా చేసిన తప్పే. పక్క గడుల్లో ఉన్నది పోతుంది, సరేనా అని కంప్యూటరు అడిగింది. ఆమె ఆయన వంక చూసింది. ఆయన తల ఊపాడు. ఆమె నొక్కింది.

నాలుగింటికి మేనేజరు నమూనా కార్డు పట్టుకుని వచ్చాడు. అది మేనేజరు సొంత కార్డే. ఆయనది నాలుగు ముక్కల పేరు.

"నా ఇంటిపేరు సగానికి కోశారు. నా పేరు తోక తీసుకెళ్ళి ఇంటి నంబరు చేశారు! నాకు ఉత్తరం రాయాలంటే ఎక్కడికి రాస్తారు, నా తోకకా? ఎవరు చెప్పారు ఇలా చెయ్యమని?"

గుమస్తా మౌసు తీగ చిక్కు తీస్తున్నాడు. దానికి చిక్కేమీ లేదు.

"నేనే చేశాను సార్," అంది అమ్మాయి. "ఎవరూ చెప్పలేదు."

మేనేజరు కాసేపు కార్డును, కాసేపు ఆమెను చూశాడు. "రేపట్నుంచి రానక్కర్లేదమ్మా," అన్నాడు, తగ్గిన గొంతుతో.

ఆమె నీళ్ళసీసా, గొడుగు సంచిలో సర్దుకుంది. "వెళ్ళొస్తా బాబాయ్ గారూ," అంది. ఆయన "ఊఁ" అన్నాడు.

పట్టిక పాత ప్రతి తన దగ్గర భద్రంగానే ఉంది. రేపు ఫోన్లు మొదలుపెట్టాలి. నాలుగొందల పన్నెండు. సంతోషించాలని చూశాడు, కుదరలేదు. లైటు ఆర్పడానికి ఆమె బల్ల దగ్గరికి వెళ్ళాడు.

అక్కడ ఒక చిన్న నోటుపుస్తకం తెరిచి ఉంది. పేజీ పైన స్కేలు పెట్టి గీసిన గీత, దాని మీద గుండ్రటి అక్షరాలతో 'బాబాయ్ గారి పద్ధతి' అన్న శీర్షిక, కింద ఒకే ఒక్క వాక్యం: ఖాళీ ఉన్నచోటల్లా కోసెయ్యాలి.