చొట్ట మగ్గు

తడిగుడ్డతో గొంతు కోయడం అంటే ఏమిటో తెలుసుకోవాలంటే మాస్టర్‌ని అడగాలి. కోసింది ఎవరో కూడా ఆయనే చెబుతాడు. అడక్కపోయినా చెబుతాడు. పంచదార. అది అసలు పేరు కాదు, కానీ అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు, ఆ నోట్లోంచి వచ్చే ప్రతి మాటా అంత తీపి. పరాయివాడా అంటే కాదు, స్వయానా పెళ్లాం తమ్ముడు.

బావా బావమరిదీ కలిసి బస్టాపు ఎదురుగా మలుపులో జాగా కొని, రొట్టెల కొట్టు పెట్టారు. చెయ్యి మాస్టర్‌ది, నోరు పంచదారది. "జాగా కాగితం ఒక్కరి పేరు మీదుంటే బ్యాంకువాళ్లు లోను తొందరగా ఇస్తారు బావా" అన్నాడు పంచదార. ఏడో తరగతిలోనే బడికి సెలవు చెప్పేసిన బావ, ఒక్కరంటే ఎవరు అని అడగాలని కూడా తట్టక తలూపాడు. ఆ తర్వాత పొమ్మనలేక పొగబెట్టారు. రొట్టెల కొట్టులో పొగకేం కరువు?

ఇప్పుడు మాస్టర్ పార్సిళ్ల గోడౌన్‌లో పెట్టెలు మోస్తున్నాడు. రొట్టెల బట్టీ దగ్గర వచ్చిన మాస్టరన్న పిలుపు అక్కడా పోలేదు. అది గౌరవమో వెటకారమో ఆయన ఇంకా తేల్చుకోలేదు. పంచదార కొట్టు గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్నాడు కాబట్టి, ఆ కొట్టు ముందు నుంచి దగ్గర దారి ఉండగా మాంసం కొట్ల వెనక సందులోంచి ముక్కు మూసుకుని ఇంటికొస్తాడు.

ఆ రోజు పొద్దున్నే భార్యతో తగువైంది. ఆవిడది ఆస్పత్రి లాండ్రీలో ఇస్త్రీ పని.

"పగలంతా నిలబడి ఇస్త్రీ, ఇంటికొచ్చి నిలబడి వంట. మీ చేతిలో ఏదో పనితనం ఉందని పెళ్లయినప్పట్నుంచీ వింటున్నాను. ఆ చేత్తో నాకు ఒక్క ముద్ద పెట్టిన పాపాన పోలేదు."

"ఓస్, అంతేనా! రాత్రికి వంట నాది. నువ్వొచ్చేసరికి కూర పెట్టిన బన్నులు పళ్లెంలో పొగలు కక్కుతుంటాయి."

"కక్కకపోతే?"

"కక్కకపోతే ఇక ఈ ఇంట్లో నా చేతి మాట ఎత్తను."

"అమ్మా, విన్నావుగా?" అంది ఆవిడ చెప్పులు వేసుకుంటూ.

"విన్నానే" అంది లోపల్నించి అత్తగారు. ఈ అత్తగారు పంచదారకి కన్నతల్లి. అయినా కొడుకు దగ్గర ఉండదు. ఎందుకమ్మా అంటే, "ఇక్కడ కాలక్షేపం బాగుంటుంది" అంటుంది.

సాయంత్రం మాస్టర్ గోడౌన్ నుంచి రాగానే చొక్కా చేతులు మడిచాడు. కూర దగ్గర ఏ తడబాటూ లేదు. బంగాళాదుంపలు ఉడికించి చిదిమాడు, ఉల్లిపాయలు ఎర్రగా వేయించాడు, పచ్చిమిర్చి, మిరియాల పొడి, ఉడికిన గుడ్ల ముక్కలు కలిపి పళ్లెంలో పల్చగా పరిచి ఆరబెట్టాడు.

"చల్లారబెట్టడమెందుకు, వేడిగా పెట్టెయ్యొచ్చుగా?" అంది అత్తగారు, స్టూలు లాక్కుని వంటింటి గుమ్మంలో తిష్ట వేసి.

"వేడి కూర పెడితే ఆవిరికి బన్ను కడుపు పగులుద్ది అత్తయ్యా. మీ అబ్బాయి కొట్టులో చూళ్లేదూ?"

"మొదలైంది" అంది అత్తగారు, సుఖంగా వెనక్కి వాలి.

గోరువెచ్చటి నీళ్లలో చెంచాడు చక్కెర, ఈస్ట్ వేస్తే నురగ కూడా బాగానే వచ్చింది. చిక్కు వచ్చింది పిండి దగ్గర. మాస్టర్ జన్మలో పిండిని గ్లాసుతో కొలవలేదు. కొట్టులో ఒక సత్తు మగ్గు ఉండేది, దాని పొట్టకి ఒక చొట్ట. పిండి అంచు దాకా, నీళ్లు చొట్ట దాకా. ఆయన నేర్చిన శాస్త్రమంతా అదే. కొట్టు పోయిన రోజున మగ్గు కూడా అక్కడే ఉండిపోయింది.

స్టీలు గ్లాసుతో అందాజుగా పోశాడు. జారైంది. పిండి వేశాడు. రాయైంది. నీళ్లు పోశాడు. మళ్లీ జారైంది. గిన్నె చాలక బేసిన్‌లోకి మార్చాడు, ఇంట్లో మైదా చాలక కింద కిరాణా కొట్టుకి పరిగెత్తాడు. చివరికి ముద్ద చేతికి అంటకుండా, చెవి తమ్మెలా మెత్తగా కుదిరేసరికి బేసిన్ కూడా చాలక బట్టలుతికే టబ్బు కడిగి తెచ్చాడు. పైన తడిగుడ్డ కప్పాడు. కాసేపటికి ఆ గుడ్డ లేచి కూర్చుంది.

"అల్లుడుగారూ, మనం ముగ్గురమే కదా? పెళ్లివారెవరైనా దిగుతున్నారా?"

"మీరు ఆ ఓవెన్ తలుపు తెరవండి ముందు."

ఇంట్లో ఒక చిన్న కరెంటు ఓవెన్ ఉంది. అందులోంచి అత్తగారి మందుల డబ్బా, ఒక జత ఊలు మేజోళ్లు, లెక్కలేనన్ని ప్లాస్టిక్ కవర్లు బయటికొచ్చాయి. స్విచ్ వేస్తే లైటు వెలిగింది. వేడి మాత్రం రాలేదు. మాస్టర్ దాని నెత్తిన ఒకటి మొట్టాడు. లైటు కూడా పోయింది.

"పెనం మీద కాల్చండి" అంది అత్తగారు.

కాల్చాడు. కింద బొగ్గు, పైన పచ్చి. అత్తగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీన్ని పళ్లెంలో పెడితే పొగలైతే కక్కుతుంది" అంది.

గోడ గడియారం నడుస్తూనే ఉంది. టబ్బులో ముద్ద అంచు దాటి తొంగి చూస్తోంది. ఇంకాసేపు ఆగితే పులిసి, చతికిలబడి, ఎందుకూ పనికి రాదు. మాస్టర్ నుదుటి మీద మైదా, మైదా మీద చెమట.

"బట్టీ ఉన్నచోటికి పోండి మరి" అంది అత్తగారు.

"నా ఒట్టో?"

"ఏమని పెట్టుకున్నారు?"

"వాడి కొట్టు గడప తొక్కనని."

"వెనక తలుపుకి గడప ఏదీ?"

మాస్టర్ చేతులు దులుపుకున్నాడు. నిజమే. పిండి బస్తాల బండి లోపలికి నేరుగా దొర్లాలని ఆ గడపని పలుగుతో పెకలించింది తనే.

టబ్బు నెత్తికెత్తుకుని, కూర గిన్నె చంకన పెట్టుకుని వెళ్లి, కొట్టు వెనక తలుపు తోశాడు. లోపల పంచదార అట్టముక్కతో విసురుకుంటున్నాడు. ట్రేలో ఆ పూట బన్నులు అప్పడాల్లా అణిగి ఉన్నాయి.

"బావా!" అని లేచాడు. "ఎన్నాళ్లకెన్నాళ్లకు! రా, రా, ఇది నీ కొట్టే అనుకో."

"అనుకోవడమేంట్రా, నాదే. బట్టీ ఖాళీ ఉందా?"

"నీకు లేకుండానా!"

ఇంకో మాట లేకుండా మాస్టర్ బల్ల మీద పిండి చల్లాడు. చేతులు వాటంతటవే పరిగెత్తాయి. ముద్ద తుంచడం, అరచేత్తో అదమడం, కూర పెట్టి అంచులన్నీ పైకి లాగి నొక్కడం, అతుకు కిందికి తిప్పి ట్రేలో పడుకోబెట్టడం. పైన పాలు రాశాడు. పంచదార నోరుండీ మాట్లాడకుండా నిలబడి చూశాడు. పంచదారని ఎరిగినవాళ్లెవరూ ఈ సంగతి నమ్మరు.

ట్రేలు బట్టీలోకి వెళ్లాక మెల్లిగా దగ్గరికొచ్చాడు. "బావా, నా తల్లి మీదొట్టు, నువ్వు చెప్పినట్టే చేస్తున్నా. పిండి అంచు దాకా, నీళ్లు చొట్ట దాకా. అయినా జారిపోతోంది."

"మగ్గేదీ?"

పంచదార మగ్గు తెచ్చాడు. మాస్టర్ దాన్ని దీపం కింద తిప్పి చూశాడు. చొట్టలు మూడున్నాయి, ఒకదాని పైన ఒకటి.

"నువ్వెళ్లిన వారంలోనే చెయ్యి జారి రెండుసార్లు కింద పడింది బావా. పాతది ఏదో తెలీలేదు. పైదనుకున్నా."

"అడగొచ్చుగా?"

"ఏ మొహం పెట్టుకుని అడగను?"

మాస్టర్ నవ్వు ఆపుకోలేకపోయాడు. పదేళ్ల కడుపుమంటలో ఒక చెంబుడు నీళ్లు పడ్డట్టయింది. అప్పుడే బట్టీలోంచి వాసన లేచి వీధిలోకి పోయింది. బస్టాపులో దిగిన భార్య ఆ వాసన వెంటే ముందు తలుపులోంచి లోపలికొచ్చి, భర్తని తమ్ముడి పక్కన చూసి, చేతిసంచీ కింద పెట్టింది.

"పళ్లెంలో పెడతానన్నారు?"

మాస్టర్ ట్రే మొత్తం ఆవిడ ముందుకు తోశాడు. "ఇంతకన్నా పెద్ద పళ్లెం దొరకలేదు."

ఆవిడ ఒకటి విరిచింది. గుప్పున పొగ వచ్చింది. అతుకు ఎక్కడా విడలేదు, కూర ఎక్కడా కారలేదు. నిలబడే తినేసింది. రెండోది తీసుకుని, స్టూలు లాక్కుని కూర్చుంది.

"చేతి మాట ఎత్తొచ్చా?" అన్నాడు మాస్టర్.

"ఎత్తుకోండి. వారానికోసారి వండి మరీ ఎత్తుకోండి."

ఇంటికి బన్నులు మూటగట్టుకుంటుంటే పంచదార గొంతు తేనెలో ముంచాడు. "ఇంతకీ ఏ చొట్ట బావా? ఒక్క మాట చెప్పు."

మాస్టర్ మగ్గు చంకలో పెట్టుకున్నాడు. "ఇది నాది. తీసుకుపోతున్నా."

"తీసుకెళ్లు బావా, నీకంటేనా! ఇక్కడున్నదంతా నీదేగా."

"అయితే కాగితం కూడా రాసిస్తావా?"

పంచదార తియ్యగా నవ్వి, బట్టీ తలుపు సరిగ్గా పడిందో లేదో చూడ్డానికి అటు తిరిగాడు.

మాస్టర్ గడప లేని తలుపులోంచే బయటికొచ్చాడు. ఏ చొట్టో చెప్పలేదు. మగ్గయితే వచ్చింది. రానిది పదకొండడుగుల వెడల్పు, ఇరవై రెండడుగుల పొడవు జాగాలో సరిగ్గా సగం, బట్టీ ఉన్న వెనక సగం.