పెద్ద తరగతి

మా ప్రిన్సిపాల్ గారు కప్పులు కడిగే శుక్రవారం నాకు పని రెట్టింపవుతుంది. మాది మతబోధ చేసే బడి. ఏదో శిక్షణకు వెళ్లి, నాయకుడంటే సేవకుడని తెలుసుకొచ్చిన దగ్గర్నుంచి ఆయన వారానికోసారి టీచర్లందరి టీ కప్పులు స్వయంగా కడుగుతున్నారు. నీళ్లు కాచేది నేను. తువ్వాలు పట్టుకుని నిలబడేది నేను. ఫొటో తీసేది నేను. అడుగున మరకలు చూస్తే ఆయన మనసు నొచ్చుకుంటుందని, ఆ కప్పులు ముందే ఓసారి కడిగి పెట్టేదీ నేనే.

ఇంట్లో చెబితే, "అంత పెద్ద మనిషి, మగాడై ఉండి కూడా. చూసి నేర్చుకోవాలి" అన్నారు మా ఆయన, తాగిన కప్పు నా చేతికిస్తూ. ఎవరు నేర్చుకోవాలో చెప్పలేదు. అత్తగారైతే "పెట్టి పుట్టావే, ఆయనంతటాయన నీ ఎంగిలి కడిగాడు" అని నాతో అని, ఆడపడుచుకి కూడా ఫోన్ చేసి మరీ చెప్పారు.

నా కడుపుమంట కప్పుల గురించి కాదు. పవిత్ర గ్రంథం చదివి పట్టా పుచ్చుకున్నదాన్ని. పదకొండేళ్లుగా చంటిపిల్లల ముక్కులు తుడుస్తున్నాను. పెద్ద తరగతికి గ్రంథం చెప్పే మాస్టారు రిటైరై మూడు వారాలైంది, ఆ పిల్లలు ఊరికే కూర్చుంటున్నారు. నేను చెప్తానంటే, "అంత బరువు మీ మీద వేయలేనమ్మా, ఇల్లు కూడా చూసుకోవాలి కదా" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

ఈ శుక్రవారం కప్పులతోపాటు ఉద్యోగ సంతృప్తి ఫారాలూ వచ్చాయి. చాలా సంతృప్తి, సంతృప్తి, పర్వాలేదు. అంతే, ఏడవడానికి గడి లేదు. పేరు రాయక్కర్లేదట, తరగతి రాస్తే చాలట. చంటి తరగతికి ఉన్నది నేనొక్కదాన్నే. నాకు నవ్వొచ్చింది, ఆ వెనకే ఒళ్లు మండింది.

"చెప్పండి, ఈ సేవకుడు మీకింకేం చేయగలడు?" అన్నారాయన, చేతులు తుడుచుకుంటూ.

"చంటిపిల్లల తరగతి తీసుకోండి సార్" అన్నాను. "పెద్ద తరగతి నేను చూసుకుంటాను."

"అయ్యో, చంటిపిల్లలంటే చాలా ఓపిక కావాలమ్మా."

"సేవ చేస్తుంటే అదే వస్తుంది సార్. నాకూ అలాగే వచ్చింది."

లెక్కల టీచరు నవ్వాపుకోలేక దగ్గింది. అంతలో గంట కొట్టారు. కింద చంటిపిల్లలు అప్పుడే గోల మొదలుపెట్టారు. ఆయన అటు చూశారు, నేను మెట్లెక్కాను.

పెద్ద తరగతిలో వెనక బెంచీ అమ్మాయి లేచి నిలబడింది. "మాకు కొత్త మాస్టారు ఎప్పుడొస్తారు టీచర్?"

"వచ్చేశాను" అన్నాను. "పుస్తకాలు తియ్యండి."