నో డ్యూస్ సంతకం

మన డిగ్రీ కాలేజీల్లో లైబ్రరీ కిటకిటలాడేది ఏడాదికి ఒక్క వారమే. పుస్తకాల కోసం అనుకుంటే పొరపాటు. హాల్ టికెట్ చేతికి రావాలంటే నో డ్యూస్ కాగితం మీద లైబ్రేరియన్ సంతకం ఉండాలి. అందుకని మూడేళ్లుగా ఆ గుమ్మం తొక్కని వాళ్లంతా ఆ వారం బారులు తీరతారు.

తణుకులో అలాంటి ఒక కాలేజీలో సత్యకుమారి గారు ఇరవై రెండేళ్లుగా లైబ్రేరియన్. సంతకం పెట్టే ముందు ఆవిడ ప్రాజెక్టు పుస్తకం అడిగి తీసుకుంటారు. చివర్లో పిల్లలు చదివామని రాసిన పుస్తకాల పట్టికలోంచి ఏదో ఒకటి తెచ్చి చూపించమంటారు. పిల్లలకు ఒళ్లు మండుతుంది. "ఎందుకండీ ఈ చాదస్తం, పెట్టి పంపేయండి" అని ప్రిన్సిపాల్ గారు రెండుసార్లు చెప్పి చూశారు. ఆవిడ తలూపుతారు, మర్నాడు మళ్లీ అడుగుతారు.

ఆ రోజు హారతి వంతు వచ్చింది. ఫైనలియర్ చదువుతోంది, పెనుగొండ దగ్గర పల్లెలో రైతుబిడ్డ. ప్రాజెక్టు వరి మొక్కల రసం పీల్చేసే దోమపోటు గురించి. రంగుల అట్ట, స్పైరల్ బైండింగ్, లెక్చరర్ గారి సంతకం, కాలేజీ స్టాంపు, చివర పన్నెండు పుస్తకాల పేర్లు.

"మూడోది మన లైబ్రరీలోదేనని రాశావు. తీసుకురామ్మా."

హారతి అరగంట తిరిగి ఉత్త చేతులతో వచ్చింది. "కనపడలేదండి. ఎవరైనా తీసుకెళ్లారేమోనండి."

"అసలు ఆ పేరుతో పుస్తకమే లేదు. రిజిస్టర్లోనూ లేదు, కంప్యూటర్లోనూ లేదు. నీకెక్కడ దొరికింది?"

"ఫోన్లో ఏఐని అడిగితే ఇచ్చిందండి. మా క్లాసులో అందరం అలాగే చేశామండి. సార్ కూడా ఏమనలేదు, ఐదు నిమిషాల్లో సంతకం పెట్టేశారు."

సత్యకుమారి గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. విసుగు ఆ పిల్ల మీదో, ఆ సారు మీదో, ఇన్నేళ్లు ఇదే మాట చెబుతున్న తన మీదో ఆవిడకే తెలియలేదు. ఊరికే పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగిపోయారు. దోమ పడితే చేలో నీళ్లు నిండుగా నిలపాలనీ, యూరియా మరో దఫా వేయాలనీ ఉంది. కింద ఆ లేని పుస్తకం పేరు.

"ఇది ఇంకెవరైనా చదివారా?"

"మా నాన్నగారికి ఇంకో కాపీ ఇచ్చానండి. స్టాంపు చూసి ఎంత మురిసిపోయారో. మా రెండో పంట దాళ్వా చేలో దోమ పడిందండి, అందుకని..."

ఆవిడ లేచి ఎదుటి రాక్‌లోంచి వ్యవసాయం మీద ఒక సన్నటి పుస్తకం తెచ్చి, పేజీ తీసి పెట్టారు. దోమ పడితే నీళ్లు తీసేసి చేను ఆరగట్టాలి, యూరియా ఆపాలి.

"మూడేళ్లుగా ఇది ఇక్కడే ఉందమ్మా. ముందు నాన్నగారికి ఫోన్ చెయ్యి."

హారతి తండ్రి దొరబాబు గొంతు స్పీకర్లో వినిపించింది. "నీళ్లు పెట్టి నాలుగు రోజులైందమ్మా. యూరియా కూడా జల్లేశాను. దోమ తగ్గలేదు సరికదా, చేను సుళ్లు సుళ్లుగా ఎండిపోతోంది."

"నీళ్లు తీసెయ్యి నాన్నా. నేను రాసింది తప్పు."

"నాకూ అనుమానం వచ్చిందే. మా తాత రోజుల్నుంచీ దోమకి గట్టు తెంపి నీళ్లు వదిలేయడమే కదా. కానీ చదువుకున్న పిల్లవి, కాలేజీ స్టాంపు కూడా ఉంది. నాకే తెలీదేమో అనుకున్నాను."

హారతి అక్కడే కుర్చీలో కూలబడి ఏడ్చింది. చివరికి రెండెకరాల్లో ఎకరం పోయింది. సత్యకుమారి గారు వెళ్లి లెక్చరర్ గారిని అడిగితే, "అన్ని కాలేజీల్లోనూ ఇంతే కదండీ" అన్నారు.

తర్వాతి ఐదు రోజులూ హారతి లైబ్రరీలోనే కూర్చుని ప్రాజెక్టు మళ్లీ రాసింది. ఈసారి చివర పుస్తకాలు మూడే. అడగకుండానే ఆ మూడూ తెచ్చి టేబుల్ మీద పెట్టింది.

సత్యకుమారి గారు ఒక్కొక్కటీ తెరిచి చూసి, నో డ్యూస్ కాగితం మీద సంతకం పెట్టారు. కాగితం అందిస్తూ అన్నారు:

"నేను అడిగేది చాదస్తం కాదమ్మా. నువ్వు చదవకుండా రాసినదాన్ని, మీ సారు చదవకుండా సంతకం పెట్టినదాన్ని చదివి నమ్మింది మీ నాన్నగారొక్కరే."