నాలుగో వరుస

కొండ దారి మొదట్లో ఒక గుడిసె, దాని ముందు ఒక నల్లబల్ల ఉన్నాయి. రోజూ సాయంత్రం కిందికి దిగాక గైడు ఆ బల్ల మీద అయిదు వరుసలు రాయాలి: దారి, రాళ్ళు, పడిన చెట్లు, నీళ్ళు, ఎండ. మర్నాడు ఎక్కేవాళ్ళు అది చదువుకుని సామాను సర్దుకుంటారు. ఇరవై రెండేళ్ళుగా గైడు చేతివ్రాతను ఎవరూ శంకించలేదు.

ఈ వేసవి మాత్రం ఆయన మోకాళ్ళు మొరాయించాయి. వచ్చిన గుంపులన్నీ సగం దారిలోనే చాలనుకుని తిరిగి వచ్చాయి. నీటి ఊట ఇంకా గంటన్నర పైన ఉంది. దాన్ని చూసి రావాలంటే ఒక్కడే ఎక్కాలి. ఆయనకు ఓపిక లేదు. అందుకే రోజూ నాలుగు వరుసలు చెరిపి కొత్తగా రాసేవాడు, ‘నీళ్ళు: ఊటలో ఉన్నాయి’ అన్న నాలుగో వరుసను అలాగే వదిలేసేవాడు. ఎప్పుడూ ఎండని ఊట, ఇప్పుడు మాత్రం ఎందుకు ఎండుతుంది?

“బావా, ఆ వరుసని పెయింటుతో రాయించేద్దామా? సుద్దయినా మిగులుతుంది” అని గుడిసె చూసుకునే బావమరిది వేళాకోళం చేసేవాడు.

ఆ రోజు వచ్చినవాళ్ళు ఏడుగురు. ఒకే వీధివాళ్ళు, రోజూ కలిసి నడిచేవాళ్ళు. వాళ్ళ పెద్ద, రిటైరైన పంతులమ్మ, బల్ల ముందు కళ్ళద్దాలు సరిచేసుకుంది.

“ఈ నాలుగో వరుస సుద్ద మిగతావాటికంటే వెలిసిపోయిందేం?”

“ఎండ అటువైపే ఎక్కువ పడుతుందమ్మా” అన్నాడు గైడు. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో ఆయనకే ఆశ్చర్యం వేసింది.

“అయితే తలా ఒక సీసా చాలు. పైన నింపుకుందాం” అంది ఆవిడ. ఆవిడ భర్త, బొద్దుగా ఉండే పెద్దమనిషి, బరువు తగ్గినందుకు చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు.

పదింటికే బండలు కాలిపోతున్నాయి. వాగు దాటే చోట తడి లేదు. కంకర కాలికింద జారిపోతోంది. ఆ ఎండిన వాగు దగ్గర గైడు ఆగాడు. అప్పుడైనా వాళ్ళని వెనక్కి తిప్పాల్సింది. కానీ ఎందుకు తిప్పుతున్నాడో చెప్పాల్సి వస్తుంది. కాళ్ళీడ్చుకుంటూ ముందుకే నడిచాడు.

ఊట దగ్గర ఇనుప గొట్టం నోరు తెరుచుకుని ఉంది. రాతితొట్టి అడుగున పాచి పెచ్చులుగా ఎండిపోయి ఉంది, అందులో చచ్చిన కందిరీగలు. అందరి సీసాలూ అప్పటికే అడుగంటాయి.

“నిన్న చూశారా మీరు?” అని అడిగింది పంతులమ్మ.

“నిన్న... అంటే మొన్నటిదాకా ఉన్నాయమ్మా” అని గైడు నసిగాడు.

ఆవిడ సీసాలన్నీ తీసుకుని, ఉన్న కాసిన్ని నీళ్ళూ ఒక్కదాంట్లో పోసి, దిగేటప్పుడు ప్రతి మలుపులో తలా ఒక మూతెడు ఇచ్చింది. గైడు వద్దన్నాడు.

“తాగండి. మీరు పడిపోతే మాకు దారి తెలీదు” అంది. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. గైడు మూత అందుకుని తాగాడు.

సగం దిగాక ఆవిడ భర్తకు చెమట ఆగిపోయింది. కళ్ళు తేలేశాడు, మాట ముద్దగా వస్తోంది. ఆయన చెయ్యి మెడ చుట్టూ వేసుకుని, ఆ కంకరలో, ఆ మోకాళ్ళతో, గైడు అడుగులో అడుగు వేశాడు. ‘ఈయనకేమైనా అయితే చంపింది నేనే’ అన్న ఒక్క మాటే బుర్రలో తిరిగింది.

గుడిసె చేరేసరికి మూడయింది. నీడలో పడుకోబెట్టి, తడిగుడ్డలు వేసి, కొంచెం కొంచెంగా తాగించారు. అరగంటకు పెద్దమనిషి కళ్ళు తెరిచి, “ఏమోయ్, బరువు తగ్గానా?” అన్నాడు. పంతులమ్మ నవ్వబోయి ఏడ్చేసింది.

“రేపు పన్నెండుమంది వస్తున్నారు. బల్ల రాసెయ్ బావా” అన్నాడు బావమరిది, నీరసంగా.

గైడు చెరిపాడు. నాలుగో వరుస గుడ్డతో తుడిస్తే పోలేదు, ఎండకు బల్లకు అంటుకుపోయింది. తడిపి రుద్దాల్సి వచ్చింది. ‘నీళ్ళు: ఊట ఎండిపోయింది’ అని రాసి సుద్ద కింద పెట్టాడు. అది నిజమే. అంతటితో ఆగితే ఎవరికీ తెలియదు.

వెనక పంతులమ్మ నిలబడి ఉంది.

“మీరు ఆఖరుసారి నీళ్ళు చూసింది ఎప్పుడు?” చాలా మెల్లగా అడిగింది.

వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు. మళ్ళీ సుద్ద తీసుకుని కింద రాశాడు: ‘పన్నెండు రోజులు పైకి వెళ్ళలేదు. చూడకుండానే ఉన్నాయని రాశాను. గైడు.’

పంతులమ్మ రెండుసార్లు చదివి, భర్త బూట్లు విప్పడానికి వెళ్ళిపోయింది. బావమరిది బల్ల దగ్గరికి వచ్చి చదివాడు. “ఇది చదివాక నీతో ఎవరొస్తారు బావా?” అన్నాడు.

“రాకపోతే రాకపోనీ. తెల్లారగానే నేను పైకెళ్ళి, దీనికి ఇంకా పైనున్న రెండో ఊటలో నీళ్ళున్నాయేమో చూసొస్తాను.”

“ఈ మోకాళ్ళతోనా?”

గైడు గుడిసె మెట్టు మీద కూర్చున్నాడు. మళ్ళీ లేవడానికి బావమరిది చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది.