రోజీ జడలు

కుక్కను చేతికిచ్చే ముందు ఆఫీసరుగారి భార్య, మేడం, చాలా సంగతులు చెప్పింది. బాబూరావు అన్నిటికీ తల ఊపాడు. ఆఫీసరుగారికి హైదరాబాదు బదిలీ అయింది. అక్కడి ఫ్లాటులో కుక్కలను రానివ్వరట. ఆఫీసులో అంతమంది గుమాస్తాలుండగా తననే ఇంటికి పిలిచి, "నువ్వయితే బాగా చూసుకుంటావు" అన్నారు. ఆ మాట విన్నాక బాబూరావుకు ఇంకేమీ వినబడలేదు.

మేడం మాత్రం వివరంగానే చెప్పింది. ఇది పూడిల్ క్రాసు. దీని బొచ్చు మామూలు కుక్కల బొచ్చులా రాలదు, మన జుట్టులా పెరుగుతూనే ఉంటుంది. రోజూ కుదుళ్ల దాకా దువ్వాలి, నెలా రెండు నెలలకోసారి కత్తిరించాలి, లేకపోతే అట్టకట్టి చర్మాన్ని లాగుతుంది. తెలివైన కుక్క కాబట్టి ఒంటరిగా వదిలేస్తే తట్టుకోలేదు. ఇనుప పళ్ల దువ్వెన కూడా ఒకటి కవర్లో పెట్టి ఇచ్చింది. ఆ దువ్వెన ఖమ్మంలో, ఖానాపురం హవేలిలోని అద్దె ఇంటికి చేరి, ఫ్రిజ్ మీద కరెంటు బిల్లుల కింద పడుకుంది.

రోజీ వెన్నరంగు కుక్క. ఒళ్లంతా ఉంగరాలు. వీధిలో పిల్లలంతా మెట్లెక్కి వచ్చి చూశారు. మేడం చెప్పినవాటిలో బొచ్చు రాలదన్న ఒక్క మాటనే బాబూరావు గట్టిగా పట్టుకున్నాడు. వచ్చినవాళ్లందరికీ ఇది ఫారిన్ జాతి అనీ, బొచ్చు రాలదు, వాసన రాదు, దీనితో ఏ చాకిరీ ఉండదనీ చెప్పాడు. చెప్పీ చెప్పీ తనూ నమ్మాడు.

పొద్దున అతను ఆఫీసుకూ, భార్య పుష్ప తను నర్సుగా పనిచేసే దవాఖానాకూ వెళ్లగానే కుక్క ఏడుపు మొదలుపెట్టేది. తలుపు కింది చెక్కంతా గీకి పారేసింది. కింద వాటాలో ఉండే ఇంటి యజమాని బసవపున్నయ్య పెద్దమనిషి, గొంతు పెంచలేదు. కుక్కనైనా ఉంచుకో, వాటానైనా ఉంచుకో అన్నాడు.

"మేడం చెప్పేటప్పుడు చెవులు ఏడ వెట్టినవ్? వాపస్ ఇచ్చిరా" అంది పుష్ప.

వాపస్ ఇస్తే ఆఫీసరు ముందు తల ఎత్తుకోవడం ఎలా? ఆ ఆదివారమే రోజీని బుట్టలో పెట్టుకుని, బూర్గంపాడు దాటి అడవి అంచున ఉన్న తమ తండాకు తీసుకుపోయాడు. అక్కడ తల్లి హేమ్లి, అన్న భద్రు ఉంటారు. భద్రుకు పత్తి చేనే లోకం. కుక్క హేమ్లి పాలబడింది.

పాలన్నం పెట్టమనీ, బయటి కుక్కలతో కలవనీయొద్దనీ తల్లికి చెప్పాడు. దువ్వే సంగతి చెప్పలేదు. చెప్పబోయాడు గానీ, కుక్కకు తల దువ్వమంటే తండా నవ్వుతుందనిపించింది. అయినా అదంతా ఆఫీసర్ల ఇళ్ల సోకు, తండాలో ఎవరు చేస్తారులే అనుకున్నాడు.

చలికాలం రాకముందే హేమ్లి దగ్గర నుంచి ఫోనొచ్చింది. తండాలో ఫోను లచ్చిరాం దుకాణంలో ఉండేది. కుక్కకు బొచ్చు కళ్ల మీద పడుతోంది, గోడకు గుద్దుకుంటోంది, కొంచెం కత్తిరించనా అని అడిగింది. ఆఫీసరుగారు పనిమీద ఖమ్మం వచ్చినప్పుడల్లా రోజీ ఎలా ఉందని అడుగుతున్నారు. బొచ్చు లేని కుక్కను చూస్తే ఏమనుకుంటారు?

"వద్దు యాడీ, కత్తెర తగలనియ్యకు. దాని విలువ మొత్తం ఆ బొచ్చుల్నే ఉన్నది" అన్నాడు. తల్లిని అతను యాడీ అనే పిలుస్తాడు.

కొడుకు వద్దన్నాడు, కళ్లకు అడ్డం రాకూడదు. హేమ్లికి తెలిసిన దారి ఒకటే. తండాలో ఆ వయసు ఆడవాళ్లు చెంపల మీదికి దిగేలా సన్నటి జడలు బిగించి అల్లుకుంటారు. వాటి కొసలకు గవ్వలు, చిన్న గంటలు కడతారు. ఒకసారి అల్లితే రోజూ విప్పేవి కావు. హేమ్లి తన పాత రవిక మీది గవ్వలు కోసి, రోజీ చెవుల దగ్గర, మెడ మీద, కాళ్ల మీద ఆముదం పెట్టి అలాంటి జడలే అల్లింది. కుక్క నడిస్తే గలగలమనేది. పక్క తండా నుంచి కూడా ఆడవాళ్లు వచ్చి చూసిపోయారు. తండాలో ఒక పెళ్లికి వచ్చిన ఫోటోగ్రాఫరు ఒక ఫోటో తీస్తే అది బాబూరావుకు చేరింది. అతను దాన్ని ఆఫీసులో టేబులు టేబులుకూ తిప్పి, మా యాడీ చేతి పని అని చూపించాడు. దువ్వుతున్నారా అని అక్కడ ఎవరూ అడగలేదు. వాళ్లకు మాత్రం ఏం తెలుసు?

ఆముదానికి దుమ్ము పట్టింది. చేలగట్ల మీద తిరిగితే పల్లేరుకాయలు, ఉత్తరేణి గింజలు జడల్లో ఇరుక్కున్నాయి. హేమ్లి వారం వారం వాగులో సబ్బుపెట్టి కడిగేది. తడిసి ఆరిన కొద్దీ బొచ్చు ఇంకా బిగిసింది. తర్వాత వాసన మొదలైంది. తర్వాత గుర్రుమనడం. ఒకరోజు లచ్చిరాం ముద్దుగా తల నిమరబోతే చెయ్యి పట్టి కరిచింది.

ఆ మర్నాడు పొద్దున్నే ఆఫీసుకు ఫోను చేసింది లచ్చిరామే.

"బాబూ, నీ ఫారిన్ కుక్కకు పిచ్చి లేసింది. నేను సూది ఏయించుకొనొచ్చిన. కొట్టి పాతిపెడ్దమంటే మీ యాడీ అడ్డం కూసున్నది. పొద్దుగూకేదాక చూస్తం, నువ్వొచ్చి ఏదన్న చెయ్యి. లేకుంటే మేమే చేస్తం."

బాబూరావు సెలవు చీటీ రాసి బస్సెక్కాడు. తండాకు చేరేసరికి హేమ్లి మేకల దొడ్డి గుమ్మంలో అడ్డంగా కూర్చుని ఉంది. వెనక చీకట్లో కుక్క. బయట కర్రలతో ఇద్దరు ముగ్గురు. ఆమె కుడి చేతికి గుడ్డ చుట్టి ఉంది.

"చెయ్యికేంది యాడీ?"

"ముల్లు గుచ్చుకున్నది."

అది ముల్లు కాదని అతనికి తెలిసింది. అతనికి తెలిసిందని ఆమెకూ తెలిసింది. రోజీని గోనెసంచిలో పట్టి, ఆటో కిరాయికి మాట్లాడుకుని మండలంలోని పశువుల దవాఖానాకు పోయారు.

డాక్టరు భవాని వయసులో ఉన్న మనిషి. ఇస్త్రీ చొక్కా చూసి, "కూర్చోండి సార్" అని బాబూరావుకు కుర్చీ చూపించింది. హేమ్లి గోడకు ఆనుకుని నిలబడింది. కుక్కకు సూది వేసి మత్తెక్కాక డాక్టరు ఒక జడ విప్పబోయింది. రాలేదు. కత్తెర దూర్చడానికి సందు దొరకలేదు. మెడ దగ్గర మొదలుపెట్టి కొంచెం కొంచెంగా కోస్తుంటే బొచ్చంతా ఒకే ముక్కగా, పాత గొంగడిలా లేచొచ్చింది. కింద చర్మం పచ్చిపుండు. చంకల్లో గోమార్లు గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. ఎడమ చెవి మొదట్లో గవ్వ కట్టిన దారం మాంసంలోకి దిగింది, అక్కడ పురుగులు. అంతా తీశాక బల్ల మీద కోడిపుంజంత ప్రాణి మిగిలింది.

"పిచ్చి లక్షణాలేం లేవు. నొప్పికి కరిచింది. అయినా పది రోజులు కట్టేసి కనిపెట్టుండాలె. కరిచినోళ్లు సూదులు మాత్రం ఆపొద్దు" అంది డాక్టరు. హేమ్లి చేతి గుడ్డను చూసి, నువ్వు కూడా ఇప్పుడే పెద్ద దవాఖానాకు పో అంది. తర్వాత అడిగింది. "ఎవరమ్మా దీనికి జడలేసింది?"

"నేనే డాక్టరమ్మా."

"గివి రోజు దువ్వేటి కుక్కలు. నెలకోపాలి కత్తిరియ్యాలె. తెల్వకుండ ఎందుకు పెంచుకుంటరు? నీకు ఎవ్వరు చెప్పలేదా?"

బాబూరావు నోరు తెరిచాడు. హేమ్లి ఒక్కసారి అతని వైపు చూసి, కళ్లు దించుకుంది.

"చెప్పిండమ్మా. మా కొడుకు అన్ని చెప్పిండు. నేనే మరిసిన. సదువులేనిదాన్ని."

డాక్టరు అతని వైపు తిరిగింది. గొంతు తగ్గించి, మర్యాదగా అడిగింది. "పెద్దోళ్లకు చెప్పి ఊకుంటే ఎట్ల సార్? మీరు కూడ వచ్చి చూస్తుండాలె గదా."

"అవ్ మేడం" అన్నాడు బాబూరావు.

అన్నాక ఆ మాట అతని చెవికే వినబడింది. కుర్చీలోంచి లేవాలనిపించింది. లేచి ఏం చేస్తాడు? అలాగే కూర్చున్నాడు.

మందులు రాశాక హేమ్లి బల్ల దగ్గరికి వచ్చి, ఆ బొచ్చు పారేయొద్దు, ఒక సంచిలో పెట్టి ఇయ్యమని అడిగింది. డాక్టరు వింతగా చూసి, ఖాళీ యూరియా సంచిలో వేయించింది. పెద్ద దవాఖానాలో హేమ్లికి సూది వేయించి మళ్లీ ఆటో ఎక్కారు. కుక్కను ఒళ్లో, సంచిని కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చుందామె. ఆటో అంతా కంపు.

"పారేయరాదు యాడీ, దాన్నేం చేసుకుంటవ్?"

"నువ్వే అంటివి గదా, దాని విలువ మొత్తం గీ ఎంట్రుకల్నే ఉన్నదని. ఆఫీసరు అడిగితె ఏం చూపిస్తవ్?"

బాబూరావు రోడ్డు వైపు తిరిగాడు. యూకలిప్టస్ తోటలు అయిపోయి టేకు చెట్లు మొదలయ్యాక అడిగాడు.

"దువ్వాలని నేను నీకు ఎన్నడన్న చెప్పిన్నా?"

"చెప్పలే."

"మరి గట్లెందుకన్నవ్?"

"నీకు కుర్సీ ఏసి సార్ అన్నది గా పిల్ల. కుర్సీల కూసున్న కొడుకును నేనెట్ల దింపాలె?"

దుకాణం దగ్గర ఆటో ఆగేసరికి ఎండ పడమటి గుట్ట మీదికి జరిగింది. కర్రలవాళ్లు అక్కడికి చేరి ఉన్నారు. బోడి కుక్కను చూసి ఒకడు మేకపిల్లను కొనుక్కొచ్చిండ్రా అన్నాడు. పిచ్చి కాదని, పది రోజులు కట్టేసి చూడాలని డాక్టరు చెప్పిన సంగతి హేమ్లి చెప్పింది. లచ్చిరాం కట్టు కట్టిన చెయ్యి ఊపి, "ఏందే హేమ్లీ, జడలేసి జడలేసి దాని పానం తీస్తుంటివి గదా" అన్నాడు. అందరూ నవ్వారు. తనూ నవ్వడానికి సిద్ధమైంది హేమ్లి.

"లచ్చిరాం కాకా" అన్నాడు బాబూరావు. "కత్తెర పెట్టొద్దని నేనే చెప్పిన. దువ్వాలన్న ముచ్చట నాకు ముందుగాలనే ఎరుక. చెప్పలే. యాడీది ఏం తప్పు లేదు."

లచ్చిరాం బీడీకట్ట విప్పుతూ, తల ఎత్తకుండానే అన్నాడు.

"కత్తెర వద్దని నా ఫోన్లనే గదా చెప్పినవ్ బాబూ. తండ మొత్తానికి ఎరుకనే అది."

ఎవరూ తిట్టలేదు. కర్రలు గోడకు ఆనించి ఎవరి పనికి వాళ్లు పోయారు. బాబూరావు మాత్రం చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు. హేమ్లి అతని కోసం ఆగకుండా ఇంటివైపు నడిచింది.

అతను వెళ్లేసరికి ఆమె రోజీని మంచం కోడుకు కట్టి పుండ్లకు మందు రాస్తోంది. బాబూరావు చెయ్యి చాపితే కుక్క పళ్లు చూపించింది. వెనక్కి తీసుకున్నాడు. ఇంట్లో ఇనుప దువ్వెన ఒకటుంది, బొచ్చు మళ్లీ వచ్చేలోపు తెస్తానన్నాడు. హేమ్లి యూరియా సంచిని కాలితో అతని ముందుకు జరిపింది.

"అండ్ల గవ్వలు తీసియ్యి. అవి నా రవికెవి."

బాబూరావు వాకిట్లో గొంతుక్కూర్చుని, ఇస్త్రీ చొక్కా చేతులు పైకి మడిచి, సంచిలో చెయ్యి పెట్టాడు. మొదటి గవ్వ ఎంత లాగినా రాలేదు.